ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఏ దేశంతో పోలిక సరిపోతుంది? (పీహెచ్‌డీ సినాప్సిస్)

బ్రాడీపేట_స్కాలర్:

అందరికీ నమస్కారం. ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) రాస్తున్నాను. మన ఫీజు రీయింబర్స్‌మెంట్‌ని మూడు దేశాల ఉన్నత విద్య ఫీజు విధానాలతో పోల్చడం అంశం. జర్మనీ, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా అనుకున్నాను. ఫీల్డ్‌వర్క్ గుంటూరు, విజయవాడ కాలేజీల్లో. దేశానికో అధ్యాయం, చివర ఒక పట్టిక. పట్టికలో జీఈఆర్ (ఆ వయసు జనాభాతో పోలిస్తే ఉన్నత విద్యలో చేరినవాళ్ల శాతం), జీడీపీలో విద్య మీద ఖర్చు శాతం, సగటు ఫీజు డాలర్లలో. రివ్యూలో వచ్చిన ప్రశ్న ఒక్కటే: "నాలుగు వర్ణనలు ఉన్నాయి, పోలిక ఎక్కడుంది?" ఏం మార్చాలో చెప్పగలరు.

కృష్ణలంక_మాష్టారు:

ప్రశ్న న్యాయమైనదే. తులనాత్మక విద్య పరిశోధకుడు జార్జ్ బెరెడే 1960లలో చెప్పిన నాలుగు మెట్లు ఇక్కడ పనికొస్తాయి: వర్ణన, వ్యాఖ్యానం, పక్కపక్కన పెట్టడం, ఆ తర్వాత పోల్చడం. మీరు మొదటి మెట్టు మీద నాలుగు అధ్యాయాలు రాసి, నేరుగా నాలుగో మెట్టుకి దూకారు. మూడోది వదిలేశారు. అన్ని దేశాలనీ ఒకే ప్రశ్నలతో, ఒకే క్రమంలో పక్కపక్కన పెట్టేది ఆ మెట్టు మీదే. అది లేకపోతే చివరి పట్టిక అలంకారంగా మిగులుతుంది.

దేశాల ఎంపిక అంతకంటే పెద్ద సమస్య. పేరున్న దేశాలు తీసుకున్నారు గానీ, డబ్బు ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వెళ్తుందో చూడలేదు. మన పథకంలో విద్యార్థి ప్రైవేటు కాలేజీలో చేరతాడు, ఫీజు కమిషన్ నిర్ణయిస్తుంది, అర్హత ఉంటే ఆ ఫీజు ప్రభుత్వం కడుతుంది. అంటే ప్రైవేటు సంస్థ, ప్రభుత్వ డబ్బు, ఆదాయ పరిమితి, నియంత్రిత ఫీజు. ఈ నాలుగూ కలిసిన చోటు వెతకండి.

జర్మనీలో విద్యార్థుల్లో అత్యధికులు ప్రభుత్వ యూనివర్సిటీల్లోనే ఉంటారు. డబ్బు నేరుగా యూనివర్సిటీకి వెళ్తుంది, వాళ్లలో ఎక్కువ మందికి ట్యూషన్ ఫీజు ఉండదు. ఇంగ్లండ్‌లో ఫీజు ఉంది, దాన్ని అప్పుగా ప్రభుత్వం యూనివర్సిటీకి కడుతుంది, విద్యార్థి తర్వాత తీరుస్తాడు. ఆస్ట్రేలియాదీ అప్పే. ఈ మూడింటిలో ఏదీ మన పథకానికి చుట్టం కాదు.

చుట్టం చిలీ. 2011లో విద్యార్థుల భారీ ఉద్యమం, దాని ఫలితంగా 2016లో 'గ్రాతుయిదాద్' అనే ఉచిత విద్య పథకం. ఆదాయంలో కింది 50 శాతం కుటుంబాల పిల్లలకి ట్యూషన్ ఉచితం, 2018 నుంచి 60 శాతం. ప్రైవేటు సంస్థలు కూడా చేరొచ్చు, కానీ అక్రెడిటేషన్ (నాణ్యత గుర్తింపు) ఉండాలి, లాభాపేక్ష ఉండకూడదు. ప్రభుత్వం కట్టేది నియంత్రిత ఫీజు. సంస్థ అసలు ఫీజు అంతకన్నా ఎక్కువైతే, ఆ తేడా విద్యార్థి దగ్గర వసూలు చేయకూడదు. సంస్థే భరించాలి.

ఆ చివరి వాక్యం దగ్గర ఆగండి. మన దగ్గర ఒక దశలో ఇంజినీరింగ్‌కి బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) విద్యార్థులకి 35,000 రూపాయల వరకే ప్రభుత్వం ఇచ్చేది, 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు. మిగతా తేడా ఇంటి మీద పడేది. తేడా ఎవరి నెత్తిన పడుతుందన్న ఒక్క ప్రశ్నే మీ పరిశోధన ప్రశ్న కాగలదు.

గణాంకాల_బల్ల:

దేశాల సంగతి మాష్టారు చెప్పారు కాబట్టి నేను మీ పట్టికలోని మూడు నిలువు వరుసల గురించే రాస్తాను. మూడూ ఇప్పుడున్న రూపంలో పనికిరావు.

మొదట జీఈఆర్. మన ఐషే సర్వే (కేంద్రం ఏటా చేసే ఉన్నత విద్య సర్వే) 18 నుంచి 23 ఏళ్ల జనాభాతో భాగిస్తుంది, అంటే ఆరేళ్ల వయోవర్గం. యునెస్కో గణాంక సంస్థ హైస్కూలు చదువు అయ్యాక వచ్చే అయిదేళ్ల వయోవర్గంతో భాగిస్తుంది. ఐషే 2021-22లో చేరినవాళ్లు సుమారు 4.33 కోట్లు, జీఈఆర్ 28.4. అంటే భాగించిన జనాభా సుమారు 15.2 కోట్లు. ఆరేళ్లకి 15.2 అయితే ఒక్కో ఏడాది వయసుకి 2.53, అయిదేళ్లకి 12.7 కోట్లు. 4.33ని 12.7తో భాగించండి, 34 వస్తుంది. ఒక్క విద్యార్థి కూడా పెరగలేదు, జీఈఆర్ మాత్రం అయిదున్నర పాయింట్లకి పైగా పెరిగింది. దీనికి తోడు ఐషే 2011 జనాభా లెక్కల అంచనాలు వాడితే, యునెస్కో ఐక్యరాజ్యసమితి జనాభా అంచనాలు వాడుతుంది. అందుకే ఒకే పట్టికలో మన అంకె ఐషే నుంచి, చిలీ అంకె యునెస్కో నుంచి తెచ్చి పెట్టకండి. రెండూ యునెస్కోవే తీసుకోండి, ఐషే అంకె రాష్ట్రాల మధ్య పోలికకి ఉంచుకోండి.

భాగహారంలో పైన ఉండే అంకెలో, అంటే విద్యార్థుల సంఖ్యలోనూ తిరకాసుంది. పదో తరగతి తర్వాత మూడేళ్లకి తగ్గని కోర్సులు ఐషే నిర్వచనంలో ఉన్నత విద్యే. అంటే పాలిటెక్నిక్ డిప్లొమా చదివే పదహారేళ్ల పిల్లవాడు పైన లెక్కలో ఉంటాడు, కింద 18-23 జనాభాలో ఉండడు. ఇంటర్ చదివే అదే వయసు పిల్లవాడు పైనా కిందా ఎక్కడా ఉండడు. విజయవాడ, గుంటూరు లాంటి చోట పాలిటెక్నిక్‌లు ఎక్కువ కాబట్టి జిల్లా స్థాయిలో ఇది చిన్న విషయం కాదు.

విదేశాల్లో దీనికి తమ్ముళ్లున్నారు. గ్రీస్ జీఈఆర్ వంద దాటి ఉంటుంది, ఎందుకంటే కోర్సు గడువు ముగిసి ఏళ్లు గడిచినవాళ్ల పేర్లూ రిజిస్టర్లలో ఉండిపోతాయి. ఆస్ట్రేలియా అంకెలో విదేశీ విద్యార్థులందరూ పైన ఉంటారు, కింద ఆ దేశ జనాభాలో వాళ్ల వాటా చిన్నది. ఉన్నత విద్య విస్తరణ దశలకి సామాజికవేత్త మార్టిన్ ట్రో 1973లో గీసిన గీతలు, 15 శాతం లోపు ఎలీట్, 50 వరకూ మాస్, ఆపైన యూనివర్సల్, వీటిని వాడాలనుకుంటే ఈ లోపాలు సరిచేశాకే వాడండి. లేకపోతే లెక్క తప్పు వల్ల దేశం ఒక దశ నుంచి ఇంకో దశకి మారిపోయినట్టు కనిపిస్తుంది.

డాలర్ల సంగతి. ఫీజు 70,000 రూపాయలు అనుకోండి. మార్కెట్ రేటు డాలరుకి 84 అనుకుంటే 833 డాలర్లు. కొనుగోలు శక్తి (పీపీపీ) లెక్కన డాలరుకి 20 రూపాయల చుట్టూ వేస్తే 3,500 డాలర్లు. నాలుగు రెట్ల తేడా. ఫీజు కుటుంబానికి ఎంత బరువో చెప్పాలంటే రెండూ వద్దు, ఆ దేశంలో ఆ వర్గం కుటుంబ ఆదాయంలో ఫీజు ఎంత శాతమో రాయండి. ప్రభుత్వం ఎంత ఖర్చు పెడుతోందో చెప్పాలంటే పీపీపీ వాడండి, ఏ ఏడాది రేటో కింద రాయండి.

జీడీపీ శాతం గురించి ఒకటే మాట. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఉన్నత విద్యాశాఖ పద్దులో వెతికితే దొరకదు. సాంఘిక సంక్షేమం, బీసీ సంక్షేమం, మైనారిటీ సంక్షేమం పద్దుల్లో చెదిరి ఉంటుంది. అవి కూడితేగానీ మన పథకం ఖర్చు తేలదు.

లామ్_రోడ్:

మాష్టారూ, ఒక్క మాట విభేదిస్తాను. జర్మనీని పూర్తిగా తీసేయడం తొందరపాటు. తులనాత్మక పరిశోధన పద్ధతి మీద రాసిన ప్రెజ్‌వర్స్కీ, ట్యూన్ 1970లో రెండు దారులు చూపించారు: బాగా పోలిన వ్యవస్థలు తీసుకోవడం ఒకటి, బాగా వేరైనవి తీసుకోవడం ఇంకొకటి. జర్మనీ రెండో దారికి సరిపోతుంది. అక్కడ 2006-07 నుంచి కొన్ని రాష్ట్రాలు సెమిస్టర్‌కి 500 యూరోల దాకా ఫీజు పెట్టాయి, 2014 నాటికి అన్నీ తీసేశాయి. ఒకే దేశంలో, ఒకే చట్ట వ్యవస్థలో ఫీజు పెట్టిన రాష్ట్రాలు, పెట్టని రాష్ట్రాలు. పరిశోధకుడికి అంతకన్నా మంచి అవకాశం ఏముంది? పైగా అది రాష్ట్రానికి రాష్ట్రం పోలిక. మనదీ రాష్ట్ర పథకమే. చిలీ ఒకే కేంద్ర ప్రభుత్వం ఉన్న దేశం, దాన్ని ఒక భారత రాష్ట్రంతో పోలుస్తున్నారని గుర్తుంచుకోవాలి.

కృష్ణలంక_మాష్టారు:

ఒప్పుకుంటున్నాను, అయితే ఆ పాత్రకే పరిమితం చేయండి. 'జర్మనీలో చదువు ఉచితం' అన్న వాక్యం మాత్రం ఎక్కడా రాయకండి. సెమిస్టర్ రుసుము వేరే ఉంటుంది. బాడెన్ వుర్టెంబర్గ్ 2017 శీతాకాలం నుంచి యూరోపియన్ యూనియన్, దాని ఆర్థిక ప్రాంతం (ఈఈఏ) బయటి విద్యార్థులకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు వేస్తోంది. జీవన ఖర్చుకి ప్రభుత్వం ఇచ్చే సాయం 'బాఫోగ్'లో సగం గ్రాంటు, సగం వడ్డీ లేని అప్పు. మన దగ్గర ఫీజుకీ హాస్టల్ ఖర్చుకీ రెండు పథకాలు ఉన్నట్టే అక్కడా రెండు తలుపులు. మీరు ఒక తలుపే చూస్తున్నారు.

స్థాయి గురించి లామ్ రోడ్ గారు అన్నది నిజం. తులనాత్మక విద్య పరిశోధకులు బ్రే, థామస్ 1995లో గీసిన ఘనం (క్యూబ్) ఇందుకే: భౌగోళిక స్థాయి ఒక ముఖం, జనవర్గం ఇంకో ముఖం, విద్యలోని అంశం మూడోది. మీ ఒక్కో పోలిక ఆ ఘనంలో ఏ గడిలో కూర్చుంటుందో ముందే రాసుకోండి. "ఆంధ్రప్రదేశ్, బీసీ విద్యార్థులు, ప్రైవేటు ఇంజినీరింగ్ ఫీజు" అని రాశాక పక్కన "చిలీ, అందరూ, అన్ని కోర్సులు" అని పెడితే తప్పు మీకే కనిపిస్తుంది.

బ్రాడీపేట_స్కాలర్:

చాలా స్పష్టంగా ఉంది సార్. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వదిలేయాలా? మన దగ్గర కూడా ఆదాయాన్ని బట్టి తీర్చే అప్పు పెట్టొచ్చు అని సిఫార్సు అధ్యాయంలో రాయాలనుకున్నాను.

వన్‌టౌన్_ఆడిటర్:

ఆ సిఫార్సు రాసే ముందు దాని యంత్రాంగం చూడండి. 2023 ఆగస్టు నుంచి ఇంగ్లండ్‌లో చేరినవాళ్లకి ఏడాది ఆదాయం 25,000 పౌండ్లు దాటితే, దాటిన భాగం మీద 9 శాతం. 30,000 పౌండ్ల జీతం అయితే 5,000 మీద 9 శాతం, ఏడాదికి 450 పౌండ్లు. యజమాని జీతంలోనే పన్నుతో పాటు కోస్తాడు. 40 ఏళ్ల తర్వాత మిగిలింది రద్దు. ఆస్ట్రేలియాలో 1989 నుంచి పన్నుల శాఖే వసూలు చేస్తుంది.

ఈ విధానానికి ప్రాణం జీతంలోంచి కోత. అప్పు తీసుకున్న ప్రతివాడి ఆదాయం పన్నుల శాఖకి ప్రతి నెలా కనిపించాలి. మన దగ్గర డిగ్రీ అయినవాళ్లలో ఆదాయపు పన్ను పరిధిలోకి వచ్చేది ఎందరు? మెడికల్ షాపులో, కాంట్రాక్టరు దగ్గర, సొంత వ్యాపారంలో ఉన్నవాళ్ల ఆదాయం ఎవరు కొలుస్తారు? రెండో కన్నం విదేశాలకి వెళ్లినవాళ్లు. ఆస్ట్రేలియా కూడా ఈ కన్నాన్ని 2017లో గానీ పూడ్చలేకపోయింది, అప్పటి నుంచే విదేశాల్లో ఉన్నవాళ్లూ కట్టాలన్న నియమం. గుంటూరు, కృష్ణా ప్రాంతం నుంచి అమెరికా వెళ్లే ఇంజినీర్ల సంఖ్య తెలిసినవాళ్లకి ఈ కన్నం ఎంతదో చెప్పక్కర్లేదు.

కాబట్టి ఆ రెండు దేశాలనీ 'ఎందుకు ఇక్కడ కుదరదు' అన్న చిన్న భాగంగా ఉంచండి. విధానాన్ని అరువు తెచ్చుకునేటప్పుడు చట్టం ఒక్కటే వస్తుంది, వసూలు చేసే వ్యవస్థ రాదు. రెండోదే అసలు విధానం.

ఖాతాల గురించి ఒక జాగ్రత్త. తిరిగి రాని అప్పుల భాగాన్ని బ్రిటన్ గణాంక శాఖ 2019 నుంచి ముందే ఖర్చుగా చూపిస్తోంది. అంతకు ముందు అంకెలూ తర్వాత అంకెలూ కలిపి గ్రాఫ్ గీస్తే విధానం మారినట్టు కనిపిస్తుంది, మారింది లెక్క రాసే పద్ధతి.

లక్ష్మీపురం_ఫీల్డ్:

నేను ఫీల్డ్‌వర్క్ గురించే చెప్తాను, ఎందుకంటే గుంటూరు, విజయవాడ డేటా చెడిపోతే చిలీ ఎంత బాగా చదివినా లాభం లేదు.

తల్లిదండ్రుల్ని "ఏడాదికి ఫీజు ఎంత కడుతున్నారు?" అని అడగకండి. హాస్టలు, బస్సు, రికార్డులు, యూనిఫాం అన్నీ కలిపి ఒక అంకె చెప్తారు. రసీదు తెమ్మనండి. రసీదు మీద ట్యూషన్ ఫీజు ఒక వరుస, స్పెషల్ ఫీజు ఒక వరుస, యూనివర్సిటీ పరీక్ష ఫీజు ఒకటి, బస్సు ఒకటి. బస్సుకి తరచూ వేరే రసీదు పుస్తకం ఉంటుంది, అది అడిగితేగానీ బయటకి రాదు. రీయింబర్స్ అయ్యే వరుస ఏదో, ఇల్లు కట్టేది ఏదో రంగులు వేసి విడదీయండి. ఫోటో తీసుకుంటే పేరు, అడ్మిషన్ నంబరు మూసి తీయండి.

తర్వాత మూడు తేదీలు రాసుకోండి: చేరిన తేదీ, ప్రభుత్వం మంజూరు చేసిన తేదీ, డబ్బు కాలేజీకి చేరిన తేదీ. మొదటిదానికీ మూడోదానికీ మధ్య కుటుంబం సొంత డబ్బు కట్టిందా, ఎక్కడి నుంచి తెచ్చింది, ఎంత వడ్డీకి? బకాయి ఉన్న కాలంలో 'ఉచితం' అన్న మాట కాగితం మీదే ఉంటుంది. ఈ వడ్డీ ఏ దేశపు అధికారిక పట్టికలోనూ ఉండదు, మీ థీసిస్‌లో ఉండాలి. డబ్బు తల్లి ఖాతాలో వేసిన ఏళ్లు, నేరుగా కాలేజీకి వేసిన ఏళ్లు విడిగా పెట్టండి. బ్యాచ్‌లు కలిపేస్తే రెండు వేర్వేరు విధానాల సగటు వస్తుంది, దానికి అర్థం ఉండదు.

శాంపిల్‌లో కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా విడదీయండి. ప్రైవేటు ఇంజినీరింగ్‌లో 70, 30 శాతం. పథకం మొదటివాళ్లకే. పీజీ చేర్చేట్టయితే 2020 డిసెంబరు నాటి 77వ నంబరు జీవో చూసుకోండి, అప్పుడు ప్రైవేటు కాలేజీల పీజీని పథకం నుంచి తీసేశారు.

ఆదాయం నేరుగా అడిగితే సర్టిఫికెట్ మీద ఉన్న అంకే చెప్తారు, పథకం పరిమితి లోపలే ఉంటుంది. పొలం ఎంత, కౌలా సొంతమా, ఇంట్లో ఎందరు సంపాదిస్తారు, ఏ పని అని అడగండి. సమ్మతి పత్రం తెలుగులో, ఒక పేజీ, పెద్ద అక్షరాల్లో.

ఏలూరురోడ్డు_పుస్తకాలు:

చిలీ తీసుకుంటే మూలాలు స్పానిష్‌లో ఉంటాయి. మెషిన్ ట్రాన్స్‌లేషన్ మీద ఆధారపడతారు కాబట్టి రెండు మాటలు రాసుకోండి. 'అరాన్సెల్' అంటే అక్కడ ఏడాది ట్యూషన్ ఫీజు, యంత్రం దాన్ని కస్టమ్స్ సుంకం అని తిప్పేస్తుంది. 'మాత్రీకులా' అంటే ఒక చోట రిజిస్ట్రేషన్ రుసుము, ఇంకో చోట చేరిన విద్యార్థుల సంఖ్య. డబ్బు అనుకుని విద్యార్థుల్ని కూడేసే ప్రమాదం నిజంగా ఉంది. పట్టిక ప్రమాణం పెసోలా, మనుషులా అన్నది ముందు చూడండి.

బ్రెజిల్ మూలాలు కూడా చదివితే 'లిసెన్సియాతూరా' దగ్గర ఆగండి. బ్రెజిల్‌లో అది టీచర్ కావడానికి చదివే డిగ్రీ, పోర్చుగల్‌లో మామూలు మొదటి డిగ్రీ. మన వైపు నుంచి 'ఇంటర్' కూడా అంతే. బయటివాళ్లు కాలేజీ అనగానే ఉన్నత విద్య అనుకుంటారు. యునెస్కో విద్యా స్థాయిల వర్గీకరణ ఐస్కెడ్ 2011 ప్రకారం ఇంటర్ మూడో స్థాయి, డిగ్రీ ఆరో స్థాయి. ప్రతి కోర్సుకీ ఆ నంబరు వేసి మొదలుపెట్టండి.

పాత_మెట్రిక్:

ఇంటర్ మాట వచ్చింది కాబట్టి. తులనాత్మక విద్యలో మొదటగా చెప్పుకునేవాళ్లలో మైకేల్ శాడ్లర్ ఒకరు. విదేశీ విద్యా వ్యవస్థల నుంచి నేర్చుకోవచ్చు గానీ, తోటలో ఒక పొద నుంచి పువ్వు, ఇంకో పొద నుంచి ఆకులు తెంపుకొచ్చి నాటితే మొక్క బతకదని 1900లో గిల్‌ఫర్డ్‌లో హెచ్చరించిన మనిషి. ఆయనే 1917లో కలకత్తా యూనివర్సిటీ కమిషన్‌కి అధ్యక్షుడు. ఇంటర్‌ని యూనివర్సిటీ నుంచి విడదీయాలి, ఆ తర్వాత మూడేళ్ల డిగ్రీ ఉండాలి అన్నది ఆ కమిషన్ సిఫార్సు. మన ఇంటర్ బోర్డు 1971లో వచ్చింది. సిద్ధాంత అధ్యాయంలో ఈయన పేరు పాశ్చాత్య పండితుల జాబితాలో ఒకటిగా పోకుండా, మన కాలేజీ నిర్మాణంతో కలిపి రాయండి.

గణాంకాల_బల్ల:

కాలక్రమ పట్టిక వేస్తే మూడు చోట్ల తెగిపోతుంది. 2014 జూన్ 2కి ముందు అంకెలు ఉమ్మడి రాష్ట్రానివి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, 'గుంటూరు జిల్లా' అన్న పేరే ఉంది గానీ పల్నాడు, బాపట్ల బయటికి వెళ్లాయి. విజయవాడ ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. ఇక యూనివర్సిటీ పరిధి: 2008లో కృష్ణా యూనివర్సిటీ వచ్చాక విజయవాడ డిగ్రీ కాలేజీలు నాగార్జున యూనివర్సిటీ లెక్కలో ఉండవు. పడిపోయినట్టు కనిపించే గ్రాఫు ఇదే. జిల్లా మొత్తాల బదులు కాలేజీల జాబితా స్థిరంగా పెట్టుకుని, అవే కాలేజీలని అన్ని ఏళ్లకీ అనుసరించండి. ఐషే ఫారాలు కాలేజీలే నింపుతాయి కాబట్టి, ఒక ఏడాది నింపని కాలేజీని సున్నాగా కాదు, ఖాళీగా వదలండి.

లామ్_రోడ్:

మూడో దేశంగా బ్రెజిల్ 'ప్రోయూని' చూడండి. ప్రైవేటు యూనివర్సిటీ కొన్ని సీట్లు ఉచితంగా ఇస్తే పన్ను మినహాయింపు. తలసరి కుటుంబ ఆదాయం కనీస వేతనానికి ఒకటిన్నర రెట్ల లోపు ఉంటే పూర్తి స్కాలర్‌షిప్. ఇక్కడ ప్రభుత్వం డబ్బు చెల్లించదు, తనకి రావాల్సిన పన్ను వదులుకుంటుంది. బకాయి అన్న సమస్యే పుట్టదు, కానీ ఖర్చు బడ్జెట్‌లో కనిపించదు. మన పథకంతో పెడితే ఈ తేడా చాలా చెప్తుంది. 2012 నాటి కోటా చట్టం వేరే, అది ఫెడరల్ యూనివర్సిటీల సీట్లలో సగం ప్రభుత్వ పాఠశాలల పిల్లలకి ఇచ్చింది. ఈ రెంటినీ కలపకండి.

బ్రాడీపేట_స్కాలర్:

అందరికీ కృతజ్ఞతలు. కొత్త పట్టిక ఇలా వేశాను. అడ్డ వరుసలు: ఆంధ్రప్రదేశ్, చిలీ, బ్రెజిల్ ప్రోయూని, విరుద్ధ ఉదాహరణగా జర్మనీ రాష్ట్రాలు. నిలువు వరుసలు: ఫీజు ఎవరు నిర్ణయిస్తారు, ఎవరు కడతారు, ఏ రోజున, నియంత్రిత ఫీజుకీ అసలు ఫీజుకీ తేడా ఎవరిది, అర్హత దేనితో కొలుస్తారు, కోర్సు గడువు దాటితే ఏమవుతుంది. చిలీ వరుసలో "2016 నుంచి కింది 60 శాతం, యూనివర్సిటీలు, టెక్నికల్ సంస్థలు" అని రాశాను. గడువు దాటితే ఉచితం ఆగుతుంది అని కూడా.

కృష్ణలంక_మాష్టారు:

ఇప్పుడిది పోలిక. చిలీ గడిని మూడు ముక్కలు చేయండి: 2016లో 50 శాతం, యూనివర్సిటీలు మాత్రమే, 2017లో టెక్నికల్ సంస్థలు చేరాయి, 2018లో 60 శాతం. మీ ఇంజినీరింగ్ కాలేజీల పక్కన యూనివర్సిటీలు పెట్టండి, పాలిటెక్నిక్‌ల పక్కన టెక్నికల్ సంస్థలు పెట్టండి. అర్హత గడిలో మన వైపు ఆదాయ సర్టిఫికెట్, జ్ఞానభూమి పోర్టల్‌లో దరఖాస్తు. వాళ్ల వైపు ఫువాస్ అనే దరఖాస్తు ఫారం, కుటుంబాల సామాజిక రిజిస్టర్. ఆ రిజిస్టర్‌లో ఆదాయం ఎవరు సరిచూస్తారన్నది మీరింకా రాయలేదు, సినాప్సిస్ ఇచ్చేలోపు అది నింపండి.